ఎడమవైపు కుట్టు

సగం విరిచిన బ్లేడు ముక్కతో మాలతి కుట్టు విప్పుతోంది. ఎడమ చంక కింది నుంచి నడుము దాకా దిగిన కుట్టు అది. ఒక్కో పోగును బ్లేడు మొనతో లేపడం, తెంపడం, లాగి మోకాలి మీదున్న తడిగుడ్డకు అంటించడం. తడిగుడ్డ లేకపోతే దారం ముక్కలు ఇల్లంతా ఎగురుతాయి. కంచంలో ఒక్క ముక్క కనబడిందంటే అత్త జములమ్మ పొద్దుగూకేదాకా దాని గురించే మాట్లాడుతుంది.

మిషన్ పక్కన మహిళా సంఘం వాళ్లిచ్చిన బడి యూనిఫాంలు, కత్తిరించినవి కత్తిరించినట్టే, కట్టలుగా పడి ఉన్నాయి. ఇంకో వారంలో బడులు తెరుస్తారు. ఆత్మకూరులో జూన్ వచ్చిందంటే మాలతికి మిషన్ దిగి అన్నం తినే తీరిక ఉండదు. అయినా ఈ పొద్దు అవన్నీ పక్కకు జరిపి ఆమె ముందేసుకున్నది తన కూతురి పోయినేటి యూనిఫాం టాప్.

"గంట సేపాయె గా గుడ్డ వట్టుకొని. ఆ పిల్ల బడికి పోయేదున్నదా పాడున్నదా? అన్నం ఎప్పుడైతది?" మంచం మీది నుంచి జములమ్మ అంది.

"అయితది అత్తమ్మా. పొయ్యి మీదున్నది."

పొయ్యి మీదున్నది అన్నం కాదు, నీళ్లు. జనవరి నుంచి ఆ ఇంట్లో పొద్దున పొయ్యి ఎక్కే మొదటి గిన్నె నీళ్లదే. ఇరవై నిమిషాలు మరగాలి, మూత పెట్టే చల్లారాలి, స్టీలు డబ్బాలోకి వంచాలి. ఆ డబ్బాలో ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. డబ్బాను రోజూ కడగాలన్న సంగతి మాత్రం మాలతి ఒక్కదానికే తెలుసు.

కిటికీ పక్కన చాప మీద, గోడకు ఆనుకుని రంగనాయకి కూర్చుంది. పదిహేనేళ్ల పిల్ల. మాలతి పుట్టిల్లు శ్రీరంగాపూర్. అక్కడి స్వామి పేరు తెచ్చి కూతురికి పెట్టుకుంది. బళ్లో రంగనాయకి, ఇంట్లో రంగి. తలకు పూల స్కార్ఫు కట్టుకుంది. దాని కింద వెంట్రుకలు లేవు. కనుబొమ్మలు కూడా రాలిపోయాయి.

"అమ్మా, జర సప్పుడు లేకుంట ఇప్పు. అవ్వకు దారం తెగుడు సుత ఇనొస్తది" అంది రంగి గొంతు తగ్గించి.

మాలతికి నవ్వొచ్చింది. నవ్వు ముఖం దాకా రావడానికే చాలాసేపు పట్టింది.

కుట్టంతా విప్పి బట్టను వెలుగుకు పట్టి చూసింది. విప్పితే కుట్టు పోతుంది గానీ సూది దిగిన రంధ్రాలు పోవు. ఒకదాని పక్కన ఒకటి మూడు వరసలు. మొదటిది పోయిన జూన్‌ది. రెండోది దసరా ముందటిది. మూడోది నవంబరులో, లోపల వదిలిన బట్టంతా అయిపోయి చంక కింద వేరే ముక్క అతికినప్పటిది. కుడివైపు ఒక్కటే వరస.

ఆ మూడు వరసలూ ఆమె తన చేత్తో వేసినవే.

కుట్టుపని చేసేవాళ్లెవరూ ఛాతీని రెండు ముక్కలుగా కొలవరు. టేపు చుట్టూ తిప్పి ఒక్క అంకె రాసుకుంటారు. మాలతి దగ్గర పొడుగాటి కొలతల పుస్తకం ఉంది. ఊళ్లో సగం మంది ఆడవాళ్ల ఒళ్లు అందులో అంకెలుగా ఉన్నాయి. పోయిన జూన్‌లో తొమ్మిదో తరగతి టాప్ తొడిగి చూస్తే గుండీల పట్టీ ఎడమకు లాగింది. మూడుసార్లు సర్దినా లాగింది. అప్పుడు ఛాతీ నడుమ నుంచి ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి కొలిచి కూతురి పేజీలో రెండు అంకెలు రాసింది. ఎడమ అర అంగుళం ఎక్కువ. పక్క వీధిలో ఉండే సుగ్రా బేగం దగ్గరికి పోయి అడిగింది. పెళ్లయి వచ్చిన కొత్తలో మాలతికి మిషన్ తొక్కడం నేర్పింది ఆవిడే.

"ఆపా, రెండు దిక్కుల తేడా వస్తే ఏం జెయ్యాలె?"

"లోపట బట్ట ఇడువు. ఎడమ దిక్కు జర ఒదులు జెయ్యి. ఎవరికీ కనవడద్" అంది సుగ్రా బేగం, సూదిలో దారం ఎక్కిస్తూనే. కుట్టు గురించి అడిగిన మాటకు కుట్టు గురించే జవాబు. మాలతి వచ్చి ఒదులు చేసింది. నిజంగానే ఎవరికీ కనబడలేదు.

దసరాకు తేడా ఒక అంగుళం అయింది. ఆ రోజు మాత్రం ఆమె ఊరుకోలేదు. ఊరుకోలేదని చెప్పుకోవడం ఇప్పుడు ఆమెకు మిగిలిన కొద్దిపాటి ధైర్యం. అన్నాలు తినేటప్పుడు భర్తతో, అత్త వినేటట్టుగానే అంది.

"రంగికి ఎడమ దిక్కు ఎక్కువున్నది. గట్టిగ సుత తగుల్తుంది. ఒకపారి దవాఖానల సూపిద్దాం."

శ్రవణ్ కుమార్ తలెత్తలేదు. బస్టాండు దగ్గర బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు అతనిది. తినేటప్పుడు కూడా గోళ్ల సందుల్లో నల్లటి వార్నిష్ ఉంటుంది. "ఆడోళ్ల ముచ్చట నాకేం జెప్తవ్?" అన్నాడు.

జములమ్మ చెయ్యి కడుక్కుంటూ అందుకుంది. "ఎదిగే పిల్లకు రెండు దిక్కుల ఒక్కతీరుగ ఉంటదా? నాకు సుత గట్లనే ఉండె. గది వట్టుకొని దవాఖానకు పోతవా? ఆడున్నది మగ డాక్టరు. ఎదిగిన పిల్ల అంగీ ఇప్పి సూపిస్తవా? రేపు ఎవరన్న ఇంటే పిల్లకు ఎదల ఏందో ఉన్నదట అంటరు. సిగ్గు లేకపోతే సరి."

"జర ఆగి జూద్దాం తీ" అన్నాడు శ్రవణ్.

ఆగి చూశారు. మాలతి కుట్టు విప్పి ఒక అంగుళం ఒదులు చేసింది. నవంబరులో ముక్క అతికింది. చలికాలం దగ్గు వచ్చింది, తగ్గలేదు. ఆ వెంటే రంగి కుంటడం మొదలుపెట్టింది. తుంటి జారిందన్నారు. ఎముకలు కట్టే మనిషి దగ్గరికి తీసుకుపోయి నూనె రాయించి, వెదురుబద్దలతో కట్టు కట్టించారు. ఇరవై రోజులు ఆ పిల్ల ఆ కట్టుతో పడుకుంది. కట్టు విప్పేసరికి లేచి నిలబడలేకపోయింది. శ్రవణ్ బిడ్డను వీపు మీద వేసుకుని వనపర్తి బస్సెక్కాడు. అక్కడ తీసిన ఎక్స్‌రే చూసి వాళ్లు హైదరాబాదు పొమ్మన్నారు.

హైదరాబాదు డాక్టరమ్మ కాగితం మీద పక్కటెముకలు గీసి చెప్పింది. గడ్డ పేరు ఈవింగ్ సార్కోమా. లక్షల్లో ఒకరికి వస్తుంది, అదీ ఎక్కువగా ఎదిగే వయసు పిల్లలకే. పక్కటెముక దగ్గర పుట్టి తుంటి ఎముకలోకి పాకింది. "దీనికీ రొమ్ముకూ సంబంధం లేదమ్మా. వెనకాల గడ్డ పెరుగుతూ ముందున్నదాన్ని తోసింది, అంతే" అంది.

మాలతి ఆ బొమ్మను చాలాసేపు చూసింది. సంబంధమే లేదు. దేనికైతే సిగ్గుపడి ఆరు నెలలు కప్పి కుట్టారో, జబ్బు అసలు దాంట్లోనే లేదు.

ఆ తరువాతి నెలలు ఎట్లా గడిచాయని ఎవరైనా అడిగితే ఆమె వరసగా చెప్పలేదు. పనులుగా అయితే చెప్పగలదు. మూడు వారాలకొక విడత మందు, హైదరాబాదులో. వార్డులో మంచం పక్కన నేల మీద పడక. సీసాలోంచి చుక్కలు దిగుతుంటే రంగి వాంతి చేసుకునే ముందు గొంతులో వచ్చే చిన్న గురగుర, అది వినబడగానే నిద్రలోనైనా తట్ట అందించే చెయ్యి. ఇంటికొచ్చాక మరగబెట్టిన నీళ్లు, వేరే గిన్నెలు, రోజూ ఎండలో వేసే దుప్పటి, పూటకు రెండుసార్లు థర్మామీటరు. నూటొకటి దాటిందా, ఉన్నపళంగా దవాఖానకు పరుగెత్తాలి. వీటి మధ్యలోనే జములమ్మ షుగరు గోలీలు, శ్రవణ్ వార్నిష్ బట్టలు, సంఘం యూనిఫాంలు. హైదరాబాదు నుంచి వచ్చిన ప్రతిసారీ సందులో అంట్ల గిన్నెలు ఎదురుచూస్తూ ఉండేవి. "నువ్వు లేకపాయె, ఎవరు తోముతరు మరి" అనేది జములమ్మ. అందులో తిట్టేమీ ఉండేది కాదు, వాన పడలేదని చెప్పినట్టు చెప్పేది.

వీధిలో వాళ్లంతా శ్రవణ్‌ను మెచ్చుకునేవాళ్లు. "బిడ్డ కోసం ఎంత జేస్తుండు పాపం, షాపు బందు వెట్టి మరీ పోతుండు." అతను ప్రతి విడతకూ మొదటి రోజు వచ్చి కాగితాల మీద సంతకాలు పెట్టి సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేవాడు. చెడ్డవాడని అనడానికి లేదు. బిడ్డ నొప్పి చూడలేక వార్డు బయటికి పోయి నిలబడేవాడు. అతను బయటికి పోయి నిలబడగలిగేవాడు, అంతే తేడా.

నర్సు కాగితం తెస్తే ఎప్పుడూ శ్రవణ్ వైపే తిప్పి ఇచ్చేది. పోయిన వారం పక్క కుర్చీలో అయిజ నుంచి వచ్చిన హన్మమ్మ అనే ఆమె కూర్చుంది. ఆమె బిడ్డకూ ఎముకల్లోనే జబ్బు. హన్మమ్మ వేలికి సిరా పూయించుకుని కాగితం మీద తానే వేలిముద్ర వేసింది.

"మీ ఆయన రాలేదా అక్కా?" అని అడిగింది మాలతి.

"ఆయన సచ్చి నాలుగేండ్లాయె. ఉన్నా ఏం జేస్తుండె? ఏలు నాది గాదా?" హన్మమ్మ వేలిని చీరకొంగుకు తుడుచుకుంది.

ఆ రోజే డాక్టరమ్మ మాలతినీ శ్రవణ్‌నూ లోపలికి పిలిచింది. జ్వరం ఎప్పుడెప్పుడు వచ్చిందని అడిగింది. "మొన్న ఒక్కపారే మేడం" అన్నాడు శ్రవణ్. మాలతి సంచిలోంచి కొలతల పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. జనవరి నుంచి కూతురి పేజీలోనే అన్నీ రాస్తోంది. జ్వరం, వాంతులు, తిన్నది, తాగింది, రక్తపరీక్షలో వచ్చిన అంకెలు. మూడు జ్వరాలు, తేదీలతో సహా.

"బట్టల కొలతల బుక్కు మేడం అది. ఏదో రాస్తుంటది" అని శ్రవణ్ నవ్వాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. చదువుకుంటూ పేజీలు వెనక్కి తిప్పింది. ఒకచోట ఆగింది. "ఎడమ, కుడి. ఇదేమిటి? పోయిన జూన్. దసరా. నవంబరు." తలెత్తి మాలతిని చూసింది. మాలతి సంచి పట్టీని చేతికి చుట్టుకుంది. తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"మీరు చూశారన్నమాట" అంది డాక్టరమ్మ మెల్లగా. "ఇంకోసారి చూస్తే మాత్రం ఆగకండి."

తరువాత అసలు సంగతి చెప్పింది. ఆరు విడతల మందులకు ఛాతీలో గడ్డ బాగా తగ్గింది. తుంటిలోదీ తగ్గింది గానీ పోలేదు. ఇక్కడ ఆగితే రెండూ తిరగబెడతాయి. రెండు చోట్లా రేడియేషన్ పెట్టాలి, ఆరు వారాలు అక్కడే ఉండాలి, మందులూ నడుస్తూనే ఉంటాయి. "తుంటికి పెట్టేటప్పుడు లోపల అండాశయాల మీద పడుతుంది. వచ్చే శుక్రవారం చేరితే చిన్న ఆపరేషన్ చేసి ఒకదాన్ని పైకి జరిపి కుడతాం. కాపాడతామని హామీ ఇవ్వలేను. నెలసరి ఆగిపోవచ్చు. పిల్లలు పుట్టకపోవచ్చు. ఇంత చేసినా నూటికి ముప్పై మందిదాకానే నిలబడుతున్నారు. నేను అబద్ధం చెప్పను. చెయ్యకపోతే ఆ ముప్పై కూడా లేదు."

శ్రవణ్ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఇంట్ల మాట్లాడుకొని వస్తం మేడం" అన్నాడు.

ఇంట్లో మాట్లాడుకోవడమంటే తల్లీ కొడుకూ మాట్లాడుకోవడం. మాలతి వంటింట్లో రొట్టెల పిండి పిసుకుతూ ఉంది. మధ్యలో గోడ లేదు, చీర కట్టిన తెర ఉంది. తెర ఇవతల చాప మీద రంగి.

"పిల్లలు గాని పిల్లను ఎవడు జేసుకుంటడు?" అంది జములమ్మ. "గర్భం కాల్చుకొని, గుండు జేసుకొని... బతికి ఏం జేస్తది?"

"గట్లనకే అమ్మా" అన్నాడు శ్రవణ్. కాసేపటికి మాలతిని పిలిచాడు. "ఛాతికి కరెంటు పెట్టిద్దాం. తుంటికి ఒద్దు. కాలిన మోటర్లు దినాం నా ముంగట తెచ్చి పడేస్తరు. ఎంత మంచిగ సుట్టినా మల్ల మొదటి లెక్క గాదు."

"గది మోటర్ల కరెంటు కాదు. అందరు గట్ల అంటరు గని, అది వేరేది. డాక్టరమ్మ..."

"నీకేం తెల్సు? నేను ఐటీఐ సదివిన, నువ్వు సదివినవా? తుంటి నొప్పి తగ్గిందా లేదా? తగ్గింది. జర ఆగి జూద్దాం. ఇంకొకటి, ఆరు వారాలు నువ్వాడుంటే ఇల్లెట్ల నడుస్తది? అమ్మ గోలీలెవరిస్తరు? ఛాతికి పోయేటప్పుడు మా అక్క రుక్కమ్మను తోలుదాం పిల్లతోని."

మాలతి తెర పట్టుకుని నిలబడింది. చేతుల పిండి తెరకు అంటుకుంది. ఆమెకు ఇరవై తొమ్మిదో ఏట సంగతి గుర్తొచ్చింది. నెలనెలా ఆగని రక్తం, లేవలేని నీరసం. ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోతే గర్భసంచి తీసేస్తే పీడ పోతుందన్నారు. పొద్దున అన్నారు, మధ్యాహ్నానికి తీసేశారు. శ్రవణ్ సంతకం పెట్టాడు. జములమ్మ, "తీసేస్తే పాయె, పనికి అడ్డం లేకుంటుంటది" అంది. ఆ రోజు ఎవరూ జర ఆగి చూద్దామనలేదు. గర్భసంచి లేకుండా ఈమె బతికి ఏం చేస్తుందని ఎవరికీ అనుమానం రాలేదు. ఏం చేస్తుందో అందరికీ తెలుసు. వండుతుంది, తోముతుంది, కుడుతుంది. పదిహేనో రోజుకు మిషన్ ఎక్కింది, కడుపు మీద గుడ్డ బిగించి కట్టుకుని. మరి తన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి అదే గర్భం ప్రాణం కంటే పెద్దదెట్లా అయింది? మాలతి ఆలోచించగా ఆలోచించగా ఒకటే తోచింది. తనది అప్పటికి వాడుకున్నది. రంగిది ఇంకా ఎవరికో ఇవ్వాల్సినది. పిల్ల ఒంట్లో ఉన్నా పిల్లది కాదు.

అన్నీ తోచినా ఆమె ఆ రోజు మళ్లీ పిండి దగ్గరికే పోయింది. రొట్టెలు చేసింది. అలసట ఎంతగా ఉందంటే కోపం తెచ్చుకోవడానికి కూడా లేచి ఎక్కడికో పోయి తెచ్చుకోవాలన్నట్టుంది.

బట్టలు ఉతికేటప్పుడు జేబులు చూడటం ఆమె అలవాటు. నిన్న బుధవారం చూస్తే, శ్రవణ్ చొక్కా జేబులో ఆ కాగితం అట్లాగే ఉంది, నాలుగు మడతలు. బకెట్ పక్కన కూర్చుని విప్పి చదివింది. ఆరు విడతల్లో ఒక్కసారి కూడా ఆమె చేతికి రాని కాగితం. కింద ఒక గీత. గీత కింద చిన్న అక్షరాలు, తెలుగులోనే: తండ్రి లేదా తల్లి లేదా సంరక్షకుల సంతకం. తల్లి అన్న మాటను ఎవరూ కొట్టేయలేదు. మొదటి నుంచీ అక్కడే ఉంది.

ఆమె చెయ్యి తుడుచుకుని సుగ్రా బేగం ఇంటికి పోయింది. ముసలామె అరుగు మీద కూర్చుని గుండీలు కుడుతోంది. మాలతి అంతా చెప్పింది. సుగ్రా బేగం సూది గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది.

"నాదీ తప్పున్నది మాలతీ. ఒంటిని బట్టి గుడ్డను దిద్దుమన్న గని, ఒంటికి ఏమయిందో అడుగుమని అనలే. పిల్లను ఒకపారి తోల్కరా అన్నా అయిపోవు."

"నువ్వేం జేస్తవ్ ఆపా. టేపు నా చేతులనే ఉండె."

"సరే, ఏడ్సేది తర్వాత ఏడుద్దాం. మా బిడ్డ ఫరా హైదరాబాదుల మీ దవాఖానకు రెండు బస్టాపుల దూరంల ఉంటది. మొగడు దుబాయ్‌ల ఉన్నడు, ఒక్కతే. ఒక అర్ర ఉత్తగనే ఉన్నది. ఆరు వారాలు గాకుంటే ఆరు నెలలుండు. ఇప్పుడే ఫోన్ జేస్త." ఆవిడ ఫోన్ కోసం తడుముకుంటూ, "ఆమెకు బ్లౌజులు కుట్టొస్తలేవు బేటీ. సాయంత్రాలు జర నేర్పు. పిసినారిదనుకోకు, ఊకెనే ఉంచుకుంటే నీకు రంది అయితదని జెప్తున్న" అంది.

ఇదిగో, ఈ పొద్దు గురువారం. రేపు శుక్రవారం.

మాలతి టాప్‌ను చాప మీద పరిచింది. "రంగీ, ఒకపారి లే బిడ్డా. కొలత దీస్త."

రంగి గోడ పట్టుకుని లేచి నిలబడింది. మాలతి టేపు పెట్టింది. నడుమ నుంచి ఎడమకు. నడుమ నుంచి కుడికి. మళ్లీ ఒకసారి పెట్టింది. రెండూ ఒకటే. పుస్తకంలో కూతురి పేజీ తీసి తేదీ వేసి ఒక్క అంకె రాసింది. కళ్లలో నీళ్లు తిరిగితే చాక్‌పీసు పొడి పడ్డట్టు రుద్దుకుంది.

"డాక్టరమ్మ చెప్పింది నీకు తెల్సా?" అంది మెల్లగా. "తుంటికి పెడితే ఏమయితదో?"

"తెల్సు. తెర పక్కకే ఉంటిగా. పిల్లలు గారట."

"నువ్వేమంటవ్?"

రంగి తల్లి ముఖంలోకి చూసింది. ఆ మాట ఎవరో కొత్త మనిషి అడిగినట్టు చూసింది. "నన్నెవరన్న అడుగుతరా అని అప్పటి సంది సూస్తున్న" అంది. "నాకు పిల్లలు గావాల్నో ఒద్దో నాకేం తెల్సు అమ్మా? నాకు మొదలు పదో తరగతి గావాలె. ఒక్కపారి బోర్ల పండుకోవాలె. అవ్వ అన్నది సుత ఇన్న. బతికి ఏం జేస్తదని. నేను సుత ఆలోచించిన."

"ఏమని?"

"ఏం జేస్తనో తెల్వది. బతికినంక సూస్కుంట."

మాలతి మిషన్ ఎక్కింది. అతికిన ముక్క తీసిపారేసి, ఎడమవైపు కుడివైపుకు సరిగ్గా సమంగా కుట్టింది. నాలుగో వరస. తరువాత లేచి అన్నం, పప్పు వండింది. అత్తకు ఆరు వారాల గోలీలు కాగితాల్లో పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది. పొద్దుటివి, మాపటివి. మూడు పొట్లాలు కట్టి ఆగిపోయింది. గోలీల డబ్బా మీద పేర్లు రాసే ఉన్నాయి. శ్రవణ్‌కు చదవడం వచ్చు. కట్టిన మూడు పొట్లాలూ డబ్బా మీద పెట్టి లేచింది.

తువ్వాల, రెండు జతల బట్టలు, ఫైలు, థర్మామీటరు, కొలతల పుస్తకం సంచిలో సర్దింది. పుస్తకంలో ఆ కాగితం ఉంది. గీత మీద సంతకం ఉంది. బళ్లో నేర్చుకున్నప్పటి గుండ్రటి అక్షరాలు, జి. మాలతి. పదో తరగతి పరీక్ష కాగితాల మీద తప్ప ఎక్కువగా ఎక్కడా పెట్టని సంతకం. గీత దాటకుండా, ఒక్కో అక్షరం నిదానంగా పెట్టింది. గుండీల కాజాలు కుట్టే చెయ్యి అది.

పన్నెండున్నరకు శ్రవణ్ అన్నానికి వచ్చాడు. ఒంటిగంటకు వనపర్తి బస్సు ఉంది. మాలతి కంచం పెట్టింది, అన్నం వడ్డించింది, పప్పు పోసింది. అతను ఫోన్‌ను చెంబుకు ఆనించి చూసుకుంటూ తింటున్నాడు. జములమ్మ తన కంచం ముందు కూర్చుని, "ఉప్పు తక్కువాయె" అంది. తలుపు వెనకాల సంచి ఉంది. తలుపు వెనక చూసే పని ఆ ఇంట్లో ఊడ్చేవాళ్లకే ఉంటుంది.

రంగి యూనిఫాం టాప్ తొడుక్కుని అర్రలోంచి వచ్చింది. గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ గడప దగ్గరికి పోయింది. చెప్పులు వేసుకుంది. తండ్రి వైపు ఒకసారి చూసింది. అతను ఫోన్ చూస్తున్నాడు. గడప దిగి ఎండలోకి పోయింది.

పదిహేడేళ్లుగా మాలతి ఆ గడప దాటేటప్పుడు ఒక మాట చెప్పి దాటేది. దారం రీలు కోసం పోయినా, పిండిగిర్నీకి పోయినా, వాంతులు పట్టే తట్టతో ఆరుసార్లు హైదరాబాదు పోయినా, "పోయొస్త అత్తమ్మా" అనేది. "ఊఁ" అని లోపలి నుంచి వినబడితేనే కాలు కదిలేది. ఒక్కోసారి ఆ ఊఁ ఆలస్యమయ్యేది. ఎండలో, వానలో గడప మీద నిలబడేది.

ఇప్పుడు కూడా ఆ మాట అలవాటుగా పళ్ల దాకా వచ్చింది.

"మాలతీ, సల్ల" అన్నాడు శ్రవణ్ కంచం మీద నుంచి తలెత్తకుండా.

చల్ల ముంత అతని చేతికి అందేంత దూరంలోనే ఉంది. మాలతి దాన్ని చూసింది. బయట వీధిలో స్కార్ఫు కట్టుకున్న తల ఒకటి మెల్లగా, కుంటుకుంటూ, ఎవరినీ పట్టుకోకుండా పోతోంది. ఆ నీలం టాప్ వెనక నుంచి రెండు వైపులా ఒక్కతీరుగా ఉంది.

ఆమె పెదవులు మూసుకుంది. తలుపు వెనకాల నుంచి సంచి తీసి భుజానికి వేసుకుంది, చెప్పుల్లో కాళ్లు పెట్టింది, గడప దాటింది.